లాభం, రెండు, మూడు

మా నాయిన సూర్యాపేటలో ఒక ధాన్యం కొట్టులో వడ్లు కొలిచేవాడు. రాశి ముందు గొంతుక్కూర్చుని కుంచంతో ఎత్తి గోనెలో పోయడమే ఆయన పని. కొలిచేటప్పుడు నోరు ఆగకూడదు. మొదటి కుంచం పోసి "లాభం... లాభం... లాభం" అంటూనే రెండోది నింపేవాడు. అది పోశాక "రెండు... రెండు... రెండు". నోట్లో మాట ఆగితే లెక్క పోతుంది.

రాశి దగ్గర ఒకటి అనరు. ఒకటి అంటే ఆ ఒక్కదానితోనే రాశి ఆగిపోతుందని భయం. అందుకని లాభం అంటారు. ఏడు అసలే అనరు. ఏడు అంటే ఏడవమన్నట్టే కదా. ఆరు తర్వాత "ఆరున్నొకటి", దాని తర్వాత ఎనిమిది. పదిహేడు వచ్చినా అంతే, "పదారున్నొకటి".

నేను ఆయన పక్కన కూర్చుని కింద రాలిన గింజలు ఏరేదాన్ని. బడికి పోలేదు. నాకు లెక్క వచ్చింది ఆ రాశి దగ్గరే. వందల దాకా తప్పు లేకుండా చెప్పేదాన్ని. వేరే చోట వేరే మాటలు ఉంటాయని వింటూనే ఉన్నాను గానీ, నా నోటికి మాత్రం అవే అలవాటు. అంకె రాయడం ఎట్లాగో తెలియదు, రాయాల్సిన పనీ పడలేదు.

పెళ్లి చేసి మిర్యాలగూడకు పంపించారు. సాగరు కాలువ నీళ్లు వచ్చిన కొత్త రోజులు. ఊరి చుట్టూ మిల్లులు లేస్తున్నాయి. మా ఇంటాయన ఒక మిల్లులో బస్తాలు మోసేవాడు. నేను, మా అత్త అదే మిల్లు కల్లంలో ఉడకబెట్టిన వడ్లు ఆరబోసేవాళ్లం. ఎండలో వడ్ల మీద నడుస్తూ కాళ్లతో చాళ్లు తీస్తూ ఉండాలి. మాకు ఒక్క బిడ్డ. దానికి నాలుగేళ్లప్పటి నుంచే గంపలు లెక్కపెట్టడం నేర్పాను. నాకు వచ్చినట్టే నేర్పాను. అది చేటలో గింజలు పెట్టుకుని "లాభం, రెండు, మూడు" అని గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే కల్లంలో ఆడవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. నేను పొంగిపోయేదాన్ని.

ఆ పొంగే దాని కొంప ముంచింది.

ఒకటో తరగతిలో అందరూ కలిసి అరుస్తారు గనుక దాని మాట ఎవరికీ విడిగా వినపడలేదు. రెండో తరగతిలో ఒకరోజు సారు పిల్లలను ఒక్కొక్కరినీ లేపి ఒకటి నుంచి చెప్పమన్నాడట. నా బిడ్డ లేచి నిలబడి గట్టిగా "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి" అన్నది. తరగతి తరగతంతా పడి పడి నవ్వింది. సారుకు కూడా నవ్వు ఆగలేదు. ఆయన తప్పని నేను అనను. అరవై మంది పిల్లలను ఒక్కడే ఆపాలి, ఎప్పుడో ఒకసారి ఆయనకూ నవ్వు వస్తుంది కదా. కానీ ఆ రోజు నుంచి బిడ్డకు ఆ పేరు పడిపోయింది.

"ఓ లాభం, బలపం తెచ్చినవా?"

"జరుగుండ్రిరా, లాభమొచ్చింది!"

"లాభం, నువ్వు ఏడు అనకపోతే మేం ఏడిపిస్తం."

ఇవన్నీ నాకు చాలా రోజుల తర్వాత తెలిసినవి. బిడ్డ ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. బడిలో లెక్కల గంట వస్తే నోరు కుట్టేసుకునేది. ఆ ఏడాది రెండో తరగతిలోనే ఉంచారు. మరుసటి ఏడాదీ అదే పని. ఎండాకాలం సెలవులకు ముందు పెద్దసారు నన్ను పిలిపించాడు.

"సూడమ్మా, తెలుగు మంచిగనే చదువుతది. లెక్క అడిగితే రాయిలెక్క నిలవడతది. దానికి లెక్కలు రావనే అనుకోవాలె. బడి తెరిచినంక నేనే ఒకసారి అడుగుత. చెప్పిందా, మూడుల కూసోబెడత. చెప్పలేదా, మళ్ల రెండే."

ఇంటికి వచ్చి ఈ మాట చెప్పగానే మా అత్త చేతిలోని చేట కింద పెట్టింది.

"మళ్ల రెండా? మూడేండ్లు ఒక్క కాడనే కూసోనీకె అదేమన్న పొయ్యిరాయా? దానికి సిగ్గు లేకపోయినా నాకున్నది. ఇగ బడి సాలు. నా ఎంబడి కల్లానికొస్తది, చీపురు వట్టుకుంటది."

మా ఇంటాయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే అత్త మాటే ఖాయం.

"బడి తెరిచేదాకా ఆగుదాం అత్తా. పెద్దసారు ఒక్కసారి అడుగుతనన్నడు గదా. అప్పుడు చెప్పకపోతే నేనే కల్లానికి తోల్కొస్త" అన్నాను.

అట్లా మాట ఇచ్చేశాను గానీ, ఎట్లా చెప్పించాలో నాకేం తెలుసు? నేర్పినదాన్నే తప్పు నేర్పాను.

మా ఎదురింట్లో ఒక గది కిరాయికి తీసుకుని టీచరమ్మ ఒకామె ఉండేది. కోదాడ అవతలి నుంచి వచ్చింది. ఆ బళ్లోనే కొత్తగా చేరి ఒకటో తరగతి పిల్లలకు చెప్పేది. ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని గుడికి, అంటే వాళ్ల చర్చికి, పోయేది. నాకంటే చిన్నదే. ఆమె మాట మా మాటలా ఉండదు. మేం చింతగింజలు అంటే ఆమె చింతపిక్కలు అనేది.

ఒక మధ్యాహ్నం మా పంచలో నా బిడ్డ ఇంకో పిల్లతో ఓమనగుంటలు ఆడుతోంది. మట్టిలో రెండు వరుసల గుంటలు తీసుకుని, గుంటకు ఇన్ని గింజలని పోసుకుని, తీసి పంచుకుంటూ పోయే ఆట. టీచరమ్మ నీళ్లకు పోతూ బిందె చంకన పెట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. చాలాసేపు చూసి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, లెక్కలు రాని పిల్లంటారే, ఈ పిల్లేనా?"

నాకు తల ఎత్తాలనిపించలేదు. "అవునమ్మ."

"పిక్కలు చేతిలోకి తీయకముందే చివరి పిక్క ఏ గుంటలో పడుతుందో చెప్పేస్తోంది. నాకే రాదది. రాని పిల్ల ఎట్లా అవుతుంది?"

అప్పుడు నేను ఉన్నదంతా చెప్పాను. మా నాయిన కొలత, లాభం, ఆరున్నొకటి, నా పొంగు, అన్నీ. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె బిందె దించి అరుగు మీద కూర్చున్నది.

"అయితే మీరు ఏడు అనరా?"

"అనొద్దమ్మ. రాశి ఏడుస్తది."

"మరి పదిహేడుని?"

"పదారున్నొకటి."

"ఇరవై ఏడు?"

"ఇరవయారున్నొకటి."

ఆమె నవ్వింది. బళ్లో నవ్విన నవ్వు కాదు అది. "అక్కా, మా ఒకటో తరగతి పిల్లలకు ఆరూ ఒకటీ కలిస్తే ఏడు అని ఒంటబట్టించడానికి నాకు నెల పడుతుంది. మీ పిల్లకు ఆ అంకె పేరే అది. మీరు నేర్పింది తప్పు కాదు. కాకపోతే అది ఇంటి పేరు. బడి పేరు ఇంకా చెప్పలేదు, అంతే."

తర్వాత బిడ్డను దగ్గరికి పిలిచి అడిగింది. "నిన్ను ఇంట్లో ఏమని పిలుస్తారు?" బిడ్డ చెప్పింది. "బళ్లో హాజరుపట్టీలో ఏమని ఉంది?" అదీ చెప్పింది. "రెండూ నువ్వేనా?" బిడ్డ తలూపింది. "అట్లాగే అంకెలకీ రెండేసి పేర్లు. రెండేం ఖర్మ, బోలెడు పేర్లు. ఎనిమిదికి ఒక పేరు చెప్పు చూద్దాం."

బిడ్డ నావైపు చూసింది. తర్వాత నేల చూపులు చూస్తూ, "నాలుగున్నాలుగు" అన్నది.

"అయిదున్మూడు" అన్నది టీచరమ్మ.

"ఆరున్రెండు."

"ఆరున్నొకటిన్నొకటి" అన్నాను నేను. ముగ్గురం నవ్వాం.

అది మాకు ఆటైపోయింది. ఒకరు అంకె చెప్పాలి. మిగతావాళ్లు దానికి వంతులవారీగా పేర్లు పెట్టాలి. ఒకసారి చెప్పిన పేరు మళ్లీ చెప్పకూడదు. పేరు దొరకనివాళ్లు ఓడినట్టు. రోజూ పొద్దున వడ్లు ఆరబోసి వచ్చాక, వంటింట్లో, బావి దగ్గర, ఎక్కడబడితే అక్కడ. పదిరోజుల్లో బిడ్డ నన్ను ఓడించడం మొదలుపెట్టింది. ఒకరోజు "పదికి రెండు తక్కువ" అన్నది. తీసేసి కూడా పేరు పెట్టొచ్చని నాకు తోచనే లేదు.

ఎక్కాలు మాత్రం నడవలేదు. టీచరమ్మ పాడించబోతే బిడ్డ మళ్లీ నోరు మూసుకునేది. పాట అంటే బడి గుర్తొస్తుందేమో.

ఒకరోజు నేను బెండకాయలు కోస్తున్నాను. తొడిమ దగ్గర కోసిన ముక్క బట్టలకు కలిపిన నీలిమందు ఒలికినచోట పడి, అక్కడి నుంచి దొర్లి పక్కనే కూర్చున్న టీచరమ్మ కాగితం మీద బోర్లా పడింది. అయిదు రేకుల పువ్వు అచ్చు పడింది. లోపల అయిదు గదులు. టీచరమ్మ దాన్ని చూసి, "అక్కా, ఇంకో కాయ కోయండి" అన్నది.

ఆమె పాత క్యాలెండరు కాగితాలు, పిల్లలు రాసేసిన పరీక్ష కాగితాలు తెచ్చేది. వాటి వెనకవైపు నేను అచ్చు గుద్దేదాన్ని. నీలిమందుతో నీలం, పసుపూ సున్నమూ కలిపితే ఎరుపు. ఒక్క పువ్వుకు అయిదు, రెండు పువ్వులకు పది, మూడుకు పదిహేను. అయిదో ఎక్కం పాడకుండానే కాగితం మీద పూసింది. ఆ పని నాకు మా చెడ్డ ఇష్టమైంది. వేలితో చుక్కలు పెట్టి చిన్న చిన్న అట్టముక్కలు కూడా చేశాను. రెండు ముక్కలు కలిపితే పది చుక్కలు కావాలి, ఆ జోడీలు వెతుక్కోవాలి.

మా అత్త చూసీ చూసీ ఒకనాడు అడిగేసింది. "ఏమే, బెండకాయలు కూరకా, కాయితాలకా? మొగుడేమో బస్తాలు మోస్తుండె, పెండ్లామేమో పూలు గుద్దుతుండె."

"కూరలనే ఏస్త అత్తా. కొసలే గుద్దుతున్న."

"నీలిమందు కూర తినిపిస్తవా?"

"కడుగుత."

"కడుగు, కడుగు. బడి తెరిచేదాకేగా నీ ఆట."

ఆ మాట నాకు రోజూ గుర్తుండేది. కల్లంలో నడుస్తూ రోజులు లెక్కపెట్టేదాన్ని. ఇన్ని పోయాయి, ఇన్నే ఉన్నాయి.

ఒకరోజు ఆరు పువ్వులు గుద్ది బిడ్డ ముందు పెట్టి, "ముప్పై గదా?" అన్నాను. అది వేలు పెట్టి చూసుకుంటూ పోయి, "ముప్పై ఒకటి" అన్నది.

"అయిదారుల ముప్పై."

"ముప్పై ఒకటి, అమ్మా."

"ఓసి పిచ్చిదానా, బెండకాయకు అయిదే గదులుంటయి. నేను పుట్టినకాడికెంచి కోస్తున్న."

"నువ్వు కోస్తున్నవ్ గానీ సూస్తలేవు. గీ పువ్వు సూడు." చివరి పువ్వు మీద వేలు పెట్టింది. దాని గదులు ఆరు. అన్ని కాయలకూ అయిదే ఉండవట. ఇన్నేళ్లు కోసి ఇన్నేళ్లు వండి నేను చూడలేదు. "లెక్కపెట్టకుంట అచ్చు గుద్దినవ్. తప్పు నీదే" అని నన్ను గదమాయించింది. లెక్క విషయంలో నా బిడ్డ గొంతు లేవడం రెండేళ్లలో అదే మొదలు. నాకు తిట్లు తిన్నట్టే లేదు.

ఆ రోజు నుంచి ప్రతి కాగితంలో ఎక్కడో ఒకచోట ఆరు గదుల పువ్వు కావాలని గుద్దేదాన్ని. దానికి దొంగ పువ్వు అని పేరు. దొంగను పట్టాలంటే అన్నీ చూడాలి. వాడకట్టు పిల్లలు దొంగను పట్టడానికి మా పంచలో గుమిగూడేవాళ్లు. వాళ్లలో బళ్లో నవ్వినవాళ్లూ ఉన్నారు. నా బిడ్డ కాగితం కింద పెట్టి "ఎవలు పడతరు?" అని నడుం మీద చెయ్యేసుకుని నిలబడేది.

ఆ కాగితాల కింద మొత్తం ఎంతో రాయాలి కదా. ఎవరు రాయాలి? "అమ్మా, నువ్వే రాయి" అన్నది బిడ్డ. చెయ్యి పట్టుకుని దిద్దించింది. ఒకటి, రెండు, మూడు వచ్చాయి. ఏడు దగ్గర నా చెయ్యి ఆగింది. నోటితో అననిదాన్ని చేత్తో గీయడమా? "కొడవలి అనుకో అమ్మా" అన్నది. కొడవలి అనుకుని గీశాను. అక్షరాలు తర్వాత, అది మూడో తరగతి పుస్తకం తెచ్చుకున్నాక, దానితో పాటు నేర్చుకున్నవి. అయితే మూడో తరగతి పుస్తకం రావాలంటే ముందు పెద్దసారు ఊ అనాలి.

బడి తెరిచారు. ముందురోజే తొలివాన పడి వాకిలంతా బురదగా ఉంది. నేను కల్లానికి పోకుండా బడికి పోయాను. మా అత్త కూడా బయలుదేరింది.

"నువ్వెందుకత్తా?"

"రేపు నువ్వు అది చెప్పింది, ఇది చెప్పింది అంటవ్. నా కండ్లతోని సూస్త, నా చెవులతోని ఇంట."

పెద్దసారు వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. మేమిద్దరం స్తంభం దగ్గర నిలబడ్డాం. టీచరమ్మ అవతల ఒకటో తరగతిలో ఉంది. కిటికీలో ఆమె తల ఒకసారి కనిపించి పోయింది.

"ఒకటి నుంచి ఇరవై దాక చెప్పు బిడ్డా" అన్నాడు పెద్దసారు. మెత్తగానే అన్నాడు.

నా బిడ్డ నోరు తెరిచింది. నాలుక పైకి పోయింది. ల అనబోతోందని నాకు తెలిసిపోయింది. దానికీ తెలిసింది. నోరు మూసేసింది. కిటికీలోంచి ఎవడో పిల్లవాడు "లాభం!" అన్నాడు. పెద్దసారు బెత్తంతో బల్ల మీద కొట్టాడు. బిడ్డ ఇక తల ఎత్తలేదు. మా అత్త నా మోచేతి మీద వేలితో పొడిచింది. అయిపోయింది, పోదాం పదమని.

పెద్దసారు, ఇక ఈ పని ముగిద్దామనుకున్నాడో ఏమో, పెద్ద లెక్కే అడిగాడు. "సరే, గిది చెప్పు. పదిహేడుల తొమ్మిది పోతే ఎంత?"

బిడ్డ నేల వైపే చూస్తూ వేళ్లు కదిలించింది.

"ఎనిమిది."

ఆయన తల తిప్పి మా వైపు చూశాడు. నేను అందించాననుకున్నాడేమో. నేను స్తంభం దగ్గరే ఉన్నాను, పైగా నాకే ఆ జవాబు ఇంకా తట్టలేదు. "ఎట్ల చెప్పినవ్?" అన్నాడు.

"పదారున్నొకటి సార్."

"ఏంటిది?"

"పదిహేడు సార్. ఇంటి పేరు పదారున్నొకటి. పదారంటే రెండు ఎనిమిదులు. ఒక ఎనిమిదికి గా ఒకటి కలిపితే తొమ్మిది. తొమ్మిదిని తీసుకపోతే ఇంకో ఎనిమిది ఆడనే ఉంటది."

పెద్దసారు బల్ల మీద వేలితో గీతలు గీసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. మళ్లీ మొదటి నుంచి గీసుకున్నాడు. "ఇరవై ఏడుల పద్నాలుగు పోతే?"

"ఇరవయారున్నొకటి... పదమూడు, పదమూడు, ఒకటి... పదమూడు సార్!" ఈసారి తల ఎత్తి చెప్పింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి గింత తెలిసినదానివి రెండేండ్లు ఎందుకు చెప్పలే?"

"ఒకటి అనబోతే లాభం అనొస్తది సార్. అందరు నవ్వుతరు."

ఆయన కిటికీ వైపు బెత్తం చూపించాడు. "ఇప్పుడు నవ్వరు. చెప్పు" అన్నాడు.

చెప్పింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు..." ఒక్క క్షణం ఆగి, గట్టిగా, "ఏడు!" అన్నది. నా పక్కన మా అత్త "శివ శివ" అని చెంపలు వేసుకున్నది. ఇరవై దాకా ఎక్కడా ఆగలేదు.

"పో, మూడుల కూసో" అన్నాడు పెద్దసారు.

ఇంటికి పోతుంటే మా అత్త బురదలో చీర ఎత్తి పట్టుకుని ముందు నడిచింది. చీపురు మాట ఎత్తుతుందేమోనని నాకింకా బెరుకే. మా వాడకట్టు మలుపు తిరిగాక, "లేత కాయలు తెచ్చి గుద్దుతున్నవ్. లేతవి నలుగుతయి, అచ్చు సరిగ పడదు. ముదురుకాయలైతే మంచిగ పడతయి. రేపు అంగడికి నేనే పోత" అన్నది.

మరుసటి రోజు ఆమె వెంట నేనూ పోయాను. బెండకాయల గుట్ట ముందు కూర్చుని ఒక్కో కాయనూ తిప్పి తిప్పి చూస్తోంది. కాయ మీద నిలువునా లేచిన గీరలు ఎన్నుంటే లోపల అన్ని గదులు. కోయకుండానే దొంగను పట్టొచ్చని నా బిడ్డే కనిపెట్టి చెప్పింది.

"ఏమ్మో, కూరకా, పెండ్లిచూపులకా? గంతసేపు సూస్తున్నవ్" అన్నది కాయలమ్మే ఆమె.

మా అత్త ఆమెను పట్టించుకోలేదు. గోటితో ఒక్కో గీర మీదా నొక్కుతూ, మా నాయిన రాశి ముందు అన్నట్టే అంటోంది. "లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు..." కాయ ఇంకా తిరగలేదు. ఇంకో గీర ఉంది. మా అత్త నా మొహం వైపు చూసి, "ఆరున్నొకటి" అన్నది. "ఇది పెద్ద దొంగనే. పొల్లకు చెప్పకు. పట్టుకుంటదో లేదో సూద్దాం" అని దాన్ని విడిగా కొంగున ముడేసుకున్నది.